2025లో బీటెక్ అయింది, ఐటీ పిలుపు రాలేదు: శ్రీసిటీ ఉద్యోగంలో చేరాలా, ఇంకా ఆగాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు ఇది. మీది బంగారుపాళెం దగ్గరి పల్లె. తిరుపతి దగ్గరి ఒక కళాశాలలో 2025లో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్ ఇంజనీరింగ్) పూర్తి చేశారు, బ్యాక్‌లాగులు లేవు. మీ బ్యాచ్‌కు కళాశాలకు వచ్చిన ఐటీ కంపెనీలు తక్కువ, వచ్చినవి తీసుకున్నది ఇంకా తక్కువ. ఇప్పుడు తడ దగ్గరి పారిశ్రామిక నగరం శ్రీసిటీలోని ఒక ఎలక్ట్రానిక్స్ కర్మాగారం ఏడాదికి మూడు లక్షలకు క్వాలిటీ ట్రైనీగా రమ్మంటోంది. బెంగళూరులో ఐటీలో ఉన్న మీ బావగారు "ఫ్యాక్టరీలో చేరితే ఇక అదే ముద్ర పడిపోతుంది, ఆరు నెలలు ఆగు" అంటున్నారు. అమీర్‌పేటలో ఫుల్‌స్టాక్ కోర్సు చేయాలని ఒక ఆలోచన, గ్రూప్-2కు చదవాలని మరొకటి. వీటికి తోడు మూడు లక్షలు ఇస్తే పెద్ద ఐటీ కంపెనీలో "బ్యాక్‌డోర్" ఉద్యోగం ఇప్పిస్తానని ఒక ఏజెంటు చెబుతున్నాడు.

నా సమాధానం: శ్రీసిటీ ఉద్యోగంలో చేరండి. అయితే ఆ ఉద్యోగం నిజంగా క్వాలిటీ విభాగంలోనిదేనా, నియామక పత్రం ఎవరి పేరున వస్తోంది అనే రెండు విషయాలు తేల్చుకున్న తర్వాతే చేరండి. చేరిన తర్వాత కూడా వెతకడం మానవద్దు. ఏజెంటుకు మాత్రం ఒక్క రూపాయి కూడా ఇవ్వవద్దు.

నేను ఒక ఇంజనీరింగ్ కళాశాలలో ప్లేస్‌మెంట్ అధికారిగా పనిచేసి, ఆ తర్వాత రేణిగుంట, శ్రీసిటీ ప్రాంతాల కర్మాగారాల్లో నియామకాలు చూసే విభాగంలో చాలా ఏళ్లు ఉన్నాను. పిల్లలను ఉద్యోగాలకు పంపే పనీ, వచ్చినవారిలోంచి ఎంచుకునే పనీ రెండూ చేసినవాడిని కనుక ఈ సలహా వెనుక ఉన్న కారణాలను కొంచెం వివరంగా చెప్తాను.

ముందుగా, ఆగమంటున్న మీ బావగారి మాట. ఆయన ఉద్యోగంలో చేరిన నాటి మార్కెట్ వేరు. 2023-24 ఆర్థిక సంవత్సరంలో టీసీఎస్ సిబ్బంది 13 వేలకు పైగా, ఇన్ఫోసిస్ సిబ్బంది దాదాపు 26 వేలు, విప్రో సిబ్బంది 24 వేలకు పైగా తగ్గారు. 2025 జూలైలో టీసీఎస్ తన సిబ్బందిలో సుమారు 2 శాతం మందిని, అంటే 12 వేల మందికి పైగా, తగ్గించుకుంటానని ప్రకటించింది. ఈ కంపెనీలు కొత్తవారిని అసలే తీసుకోవడం లేదని నేను అనడం లేదు, తీసుకుంటూనే ఉన్నాయి. కానీ తీసుకునే సంఖ్య తగ్గినప్పుడు వడపోత ఎక్కడ మొదలవుతుందో బయటివారికి సాధారణంగా తెలియదు. అది మార్కుల దగ్గర మొదలవదు, ఉత్తీర్ణత సంవత్సరం దగ్గర మొదలవుతుంది. ఆఫ్-క్యాంపస్ ప్రకటనలు ఏవైనా ఒక నాలుగు తీసి చూడండి, "ఫలానా బ్యాచ్‌ల వారు మాత్రమే" అనే వరుస దాదాపు ప్రతిదానిలోనూ ఉంటుంది. ఆరు నెలలు ఆగి, మరో ఆరు నెలలు ఆగేసరికి మీ వెనుక బ్యాచ్ బయటికి వస్తుంది, ప్రకటనలో మీ సంవత్సరం ఉండదు. అప్పుడు మీరు ఫ్రెషర్ కింద లెక్కకు రారు, అనుభవం ఉన్నవారి కింద కూడా రారు. మందగమనంలో పట్టభద్రులకు జరిగే అసలు నష్టం ఈ రెండింటి మధ్య ఇరుక్కుపోవడమే. జీతం తక్కువగా మొదలైతే రెండు మూడేళ్లలో సరిచేసుకోవచ్చు, ఖాళీగా గడిచిన రెండేళ్లకు మాత్రం ప్రతి ఇంటర్వ్యూలోనూ సంజాయిషీ చెప్పుకోవలసి వస్తుంది.

ఇక "ముద్ర" సంగతి. ఎలక్ట్రానిక్స్ చదివిన వ్యక్తి ఎలక్ట్రానిక్స్ కర్మాగారంలో పనిచేయడం ముద్ర ఎలా అవుతుందో నాకు అర్థం కాదు. మన ప్రాంతంలో చదువుకుంటూ కూడా చాలామంది పిల్లలు ఇక్కడ ఏమున్నదో చూడకుండానే బెంగళూరు రైలెక్కుతారు. శ్రీసిటీలో ఇసుజు, డైకిన్, బ్లూస్టార్, ఆల్‌స్టోమ్, కోబెల్కో వంటి కంపెనీల కర్మాగారాలు ఉన్నాయి. తిరుపతి విమానాశ్రయం దగ్గరి ఎలక్ట్రానిక్స్ తయారీ క్లస్టర్లలో టీవీ ప్యానెళ్ల వంటివి తయారవుతాయి. కరకంబాడిలో అమరరాజా బ్యాటరీలు, సత్యవేడు వైపు హీరో మోటోకార్ప్, అపోలో టైర్స్ ఉన్నాయి. వీటిలో ఎలక్ట్రానిక్స్ పరిశ్రమకు మీ చదువుతో నేరుగా సంబంధం ఉంది. ఎస్‌ఎంటీ లైన్ మీద, అంటే చిన్న చిన్న విడిభాగాలను యంత్రంతో బోర్డుకు అతికించే చోట, బోర్డు ఎలా తయారవుతుందో, సోల్డర్ పేస్ట్ ముద్రణలో వచ్చిన లోపం చివరి పరీక్షలో ఏ రూపంలో బయటపడుతుందో ఏడాది పాటు కళ్లారా చూసిన ఈసీఈ విద్యార్థికి టెస్ట్ ఇంజనీరింగ్, ఎంబెడెడ్ టెస్టింగ్, ఆటోమేషన్ వంటి దారులు తెరుచుకుంటాయి. అక్కడి నుంచి సాఫ్ట్‌వేర్ వైపు వెళ్లినవారినీ చూశాను, ఎందుకంటే పరీక్షా యంత్రాల నుంచి వచ్చే డేటాను పైథాన్‌తో విశ్లేషించగలిగిన మనిషి కర్మాగారాల్లో ఎప్పుడూ కొరతే.

ఇప్పుడు తేల్చుకోవలసిన రెండు విషయాలకు వస్తాను. ఇక్కడ తొందరపడితే నా సలహా మొత్తం తలకిందులవుతుంది.

మొదటిది, పని ఏమిటి? "క్వాలిటీ ట్రైనీ" అనే పేరుతో పిలిచి, చేరిన తర్వాత లైన్ మీద ఆపరేటర్ పక్కన నిలబెట్టి అదే పని చేయించే చోట్లు ఉన్నాయి. మొదటి రెండు మూడు నెలలు లైన్ మీద ఉంచితే అది శిక్షణలో భాగమే, దానికి నామోషీ పడనక్కరలేదు, పైగా అది చేయని ఇంజనీరును షాప్ ఫ్లోర్‌లో ఎవరూ లెక్కచేయరు. ఏడాదంతా అదే అయితే మాత్రం బీటెక్‌కు అక్కడ పని లేదని అర్థం. కాబట్టి హెచ్‌ఆర్ వారిని మర్యాదగానే ఇలా అడగండి: "సార్, నేను ఐక్యూసీలో (బయటి నుంచి వచ్చే సరుకును తనిఖీ చేసే విభాగంలో) ఉంటానా, లైన్ క్వాలిటీలో ఉంటానా, ఫైనల్ టెస్టింగ్‌లో ఉంటానా? నేను ఎవరికి రిపోర్ట్ చేయాలి?" స్పష్టమైన పని ఉంటే వెంటనే జవాబు వస్తుంది. "చేరిన తర్వాత చూద్దాం" అన్నారంటే అనుమానించండి. వీలైతే అక్కడ ఇప్పటికే పనిచేస్తున్న మీ సీనియర్ ఒకరిని పట్టుకుని, నిరుడు చేరిన ట్రైనీలు ఇప్పుడు ఏ పని మీద ఉన్నారో కనుక్కోండి, హెచ్‌ఆర్ చెప్పిన దానికన్నా అదే నమ్మదగిన సమాచారం.

రెండవది, మీరు ఎవరి ఉద్యోగి? నియామక పత్రం మీద కంపెనీ పేరు ఉందా, లేక మనుషులను సరఫరా చేసే కాంట్రాక్టరు పేరు ఉందా అన్నది చూడండి. కాంట్రాక్టరు పేరున ఉన్నంత మాత్రాన వదులుకోవాలని కాదు, కానీ అప్పుడు రేపు మీ అనుభవ పత్రం కూడా అతని పేరుతోనే వస్తుంది. పీఎఫ్ మొదటి నెల నుంచి కడతారా అని తప్పక అడగండి. మీ యూఏఎన్ (పీఎఫ్ సభ్యుల శాశ్వత సంఖ్య) ఖాతాలో కనిపించే ఉద్యోగ చరిత్రే ఈ రోజుల్లో అసలైన అనుభవ పత్రం. తర్వాత మిమ్మల్ని తీసుకోబోయే కంపెనీ ధ్రువీకరణకు చాలా సందర్భాల్లో ముందుగా చూసేది దానినే.

జీతం విషయంలో ఒక లెక్క చెప్తాను, లేకపోతే మొదటి నెల బ్యాంకు సందేశం చూసి మోసపోయామని అనుకుంటారు. ఏడాదికి మూడు లక్షలంటే నెలకు 25,000. మూలవేతనం అందులో సగం, అంటే 12,500 అనుకుందాం. దాని మీద యజమాని వాటా పీఎఫ్ 1,500, గ్రాట్యుటీ కింద సుమారు 600 కూడా ఈ 25,000లోనే లెక్కిస్తారు. మిగిలిన 22,900లో మీ వాటా పీఎఫ్ 1,500, వృత్తి పన్ను 200 పోగా చేతికి 21,200 వరకు వస్తుంది. ప్యాకేజీలో పది శాతం "వేరియబుల్" (పనితీరును బట్టి తర్వాత ఇచ్చేది) అని ఉంటే నెలకు మరో 2,500 తగ్గుతుంది, అప్పుడు స్థూల వేతనం 21,000 లోపు ఉంటుంది కనుక ఈఎస్ఐ కూడా కోస్తారు, చేతికి వచ్చేది 18,000 దగ్గర ఆగుతుంది. భోజనం, బస్సు, వసతి కంపెనీ ఇస్తే ఈ డబ్బుతో బాగానే గడుస్తుంది. అవి లేకుండా తడలోనో సూళ్లూరుపేటలోనో గది తీసుకుని ఉండాలంటే ఇంటికి పంపడానికి పెద్దగా మిగలదు. అందుచేత ప్యాకేజీ అంకె కన్నా ముందు బస్సు మీ వైపు ఎక్కడి వరకు వస్తుందో, నైట్ షిఫ్టు ఎన్ని వారాలకొకసారి వస్తుందో అడగండి.

ఈ ఉద్యోగం చివరి నిమిషంలో తప్పిపోయినా, చేరిన తర్వాత మరొక దానికి ప్రయత్నించినా మీకు పనికొచ్చే మాట ఒకటి రెజ్యూమె గురించి చెప్పాలి. మన ప్రాంతపు ఈసీఈ విద్యార్థుల రెజ్యూమెలు ఒక కట్టగా తీసుకుంటే సగానికి సగం వాటిలో ఒకటే ప్రాజెక్టు ఉంటుంది: "ఐఓటీ ఆధారిత స్మార్ట్ వ్యవసాయం". ఆ పేరు చూడగానే నేను అడిగే ప్రశ్న కూడా ఒకటే, "నేలలో తేమ కొలిచే సెన్సర్ ఎలా పనిచేసింది?" చాలామంది ఆర్డుయినో గురించి బట్టీ పట్టిన నాలుగు వాక్యాలు చెప్పి ఆగిపోతారు. పుత్తూరు వైపు నుంచి వచ్చిన ఒక కుర్రవాడు మాత్రం, "సార్, రెండు వారాలకే దాని పుల్లలు తుప్పు పట్టిపోయి రీడింగులు పిచ్చిపిచ్చిగా వచ్చాయి. కరెంటు ఎప్పుడూ ప్రవహిస్తూ ఉండడం వల్ల అలా అవుతోందని తెలిసి, రీడింగ్ తీసుకునే క్షణంలో మాత్రమే కరెంటు ఇచ్చేలా ప్రోగ్రాం మార్చాను. అయినా అదే పొలంలో ఒక మూలకూ ఇంకో మూలకూ అంకెలు కలవలేదు" అన్నాడు. ఆ సమస్యకు అతని దగ్గర పరిష్కారం లేదు, లేదనే చెప్పాడు. అతని మార్కులు ఆ గదిలో కూర్చున్నవారిలో ఎక్కువేమీ కావు, కానీ ఆ రోజు మేము ముందుగా రాసుకున్న పేరు అతనిదే. ప్రాజెక్టు కొన్నదో చేసిందో తెలియడానికి అందులో ఏది పాడైందో అడిగితే చాలు. మీ ప్రాజెక్టు నలుగురు కలిసి చేసినదైతే, మీ చేత్తో చేసిన భాగం ఏదో అది మాత్రమే రెజ్యూమెలో రాయండి. "టీమ్ ప్లేయర్", "హార్డ్ వర్కర్" అనే మాటలు తీసేసి ఆ చోటును దీనికి వాడండి.

రెజ్యూమెలో మన చిత్తూరు, తిరుపతి పిల్లలు తరచుగా మరచిపోయేది మరొకటి ఉంది: తమిళం. నగరి, పుత్తూరు, సత్యవేడు వైపు వారికి ఇంట్లో కాకపోయినా సంతలోనైనా తమిళం అలవాటే, చిత్తూరు వైపు కూడా చాలామందికి వస్తుంది. శ్రీసిటీ సిబ్బందిలో, సరఫరాదారులలో చెన్నై వైపు నుంచి వచ్చినవారు ఎంతోమంది ఉన్నప్పుడు మూడు భాషల్లో మాట్లాడగలిగిన ట్రైనీ ఎంత ఉపయోగమో ఆలోచించండి. చదవడం రాకపోయినా "మాట్లాడగలను" అని రాయండి. ఇంకా ఓపిక ఉన్నవారు జపాన్ కంపెనీలలో చేరితే జపనీస్ ఎన్5, ఎన్4 పరీక్షలకు చదవవచ్చు, అవి చెన్నైలోనే రాయవచ్చు. అది అందరికీ చెప్పే సలహా మాత్రం కాదు.

ఒకవేళ పై రెండు ప్రశ్నలకు సరైన జవాబు రాక శ్రీసిటీ ఉద్యోగం వదులుకోవలసి వస్తే, నేను రెండవ స్థానంలో పెట్టేది కోర్సును కాదు, అప్రెంటిస్‌షిప్‌ను. కేంద్ర ప్రభుత్వపు అప్రెంటిస్‌షిప్ పథకమైన నాట్స్ పోర్టల్‌లో నమోదు చేసుకుంటే డిగ్రీ, బీటెక్ చేసినవారికి ఒక సంవత్సరం శిక్షణ అవకాశాలు కనిపిస్తాయి. 2019 నిబంధనలు గ్రాడ్యుయేట్ అప్రెంటిస్‌కు నెలకు కనీసం 9,000 రూపాయలు ఇవ్వాలని నిర్ణయించాయి, అందులో సగం ప్రభుత్వం భరిస్తుంది. శ్రీహరికోటలోని షార్, బెంగళూరులోని బీఈఎల్, హెచ్ఏఎల్ వంటి సంస్థలు ఇలా అప్రెంటిస్‌లను తీసుకుంటూ ఉంటాయి. డబ్బు తక్కువే, శిక్షణ ముగిశాక ఉద్యోగం ఇస్తామన్న హామీ కూడా ఉండదు, అయినా ఆ ధ్రువపత్రానికి కర్మాగారాల్లో విలువ ఉంది. రెండు షరతులు గుర్తుంచుకోండి: ఉత్తీర్ణులై ఐదేళ్లు దాటకూడదు, అప్పటికే ఏడాది లేదా అంతకన్నా ఎక్కువ ఉద్యోగానుభవం ఉండకూడదు. అంటే ఇది ముందు చేయవలసినది, ఉద్యోగం చేసి వచ్చి తర్వాత చూద్దామంటే కుదరదు.

బీటెక్ కానివారు కూడా ఈ సమాధానం చదువుతారు కనుక ఒక ఉదాహరణ. పాకాల వైపు నుంచి కెమిస్ట్రీ బీఎస్సీ చేసిన ఒక అమ్మాయి చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సీజన్ వరకే అన్న షరతు మీద ల్యాబ్‌లో చేరింది. రిఫ్రాక్టోమీటర్‌తో బ్రిక్స్ (గుజ్జులోని చక్కెర పాలు) చూడడం, టైట్రేషన్‌తో ఆమ్లత కట్టడం, బ్యాచ్ రికార్డు రాయడం ఆమె పని. తోతాపురి గుజ్జుకు బ్రిక్స్ 14 కన్నా తగ్గితే సరుకు ఎందుకు ఆగిపోతుందో, అలాంటప్పుడు ఏ రికార్డు ఎవరికి చూపాలో అక్కడే నేర్చుకుంది. జూలై చివరకు పని అయిపోయింది. ఇంట్లోవారు మూడు నెలల ఉద్యోగమని నొచ్చుకున్నారు. అదే అనుభవంతో తర్వాత శ్రీసిటీలోని ఒక ఆహార పదార్థాల కంపెనీ ల్యాబ్‌కు ఆమె వచ్చినప్పుడు ఇంటర్వ్యూ మొత్తం ఆ బ్యాచ్ రికార్డుల మీదే నడిచింది. డిగ్రీలో ఆమె కన్నా మార్కులు ఎక్కువ వచ్చినవారు ఆ రోజు ఇద్దరు ముగ్గురు ఉన్నారు, వారికి చెప్పుకోవడానికి సిలబస్ తప్ప ఏమీ లేదు. మీరు ఆ ఫ్యాక్టరీల చుట్టుపక్కల పెరిగినవారే, మీ చెల్లెళ్లో స్నేహితులో బీఎస్సీ చేసి ఉంటే సీజన్‌కు రెండు నెలల ముందే వెళ్లి అడగమనండి, కాయ దిగిన తర్వాత మాట్లాడే తీరిక అక్కడ ఎవరికీ ఉండదు.

అమీర్‌పేట కోర్సు గురించి క్లుప్తంగా. నేర్చుకోవడం మంచిదే, కానీ ఉద్యోగం మానుకుని, గది అద్దె కట్టి, అప్పు చేసి నేర్చుకోనవసరం లేదు. ఎన్‌పీటీఈఎల్ అనే ఆన్‌లైన్ వేదికలో ఐఐటీ ఆచార్యుల పాఠాలు ఉచితంగా ఉన్నాయి. షిఫ్టు అయ్యాక రోజుకు గంట కూర్చోగలరా లేదా అనేదే అసలు పరీక్ష, కూర్చోలేనివారు అమీర్‌పేటలో కూడా కూర్చోలేరు. "వంద శాతం ప్లేస్‌మెంట్" అని రాసిన బోర్డును నమ్మకండి, అక్కడ ఉద్యోగాల పేరుతో నకిలీ అనుభవ పత్రాలు తగిలించడం కూడా జరుగుతూ ఉంటుంది.

అక్కడి నుంచి ఏజెంటు విషయానికి వద్దాం, ఎందుకంటే రెండూ ఒకే వీధిలోని దుకాణాలు. పెద్ద ఐటీ కంపెనీలు ఉద్యోగాలను డబ్బుకు అమ్మవు. అతను చూపించే ఆఫర్ లెటర్ కంపెనీ పోర్టల్‌లో ఉండదు, ఈమెయిల్ చిరునామాలో ఒక అక్షరం తేడా ఉంటుంది. సగం ముందు, సగం చేరిన తర్వాత అంటాడు, ముందిచ్చిన సగమే అతనికి కావలసినది. నకిలీ అనుభవంతో ఎక్కడో చేర్పించినా, పీఎఫ్ చరిత్రలో ఆ కంపెనీ లేకపోవడం, ఆదాయపు పన్ను రికార్డులో పన్ను కోత కనిపించకపోవడం ధ్రువీకరణలో బయటపడుతుంది, అప్పుడు పోయేది అతని పేరు కాదు, మీ పేరు. డేటా ఎంట్రీ ఉద్యోగమని కాంబోడియా, మయన్మార్ దేశాలకు తీసుకెళ్లి సైబర్ నేరాలు చేయించిన ముఠాల బారిన మన రాష్ట్రపు యువకులు కూడా పడ్డారు. ఇప్పటికే కొంత డబ్బు పంపి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కు ఫోన్ చేయండి. ఏజెంటు అడిగిన ఆ మూడు లక్షలు మీ నాన్నగారు మామిడి తోట మీద అప్పుగా తేవాలని చూస్తున్నారని రాశారు. 2025లో తోతాపురికి ఫ్యాక్టరీలు ఇచ్చే 8 రూపాయలకు ప్రభుత్వం 4 రూపాయలు కలిపి కిలో 12 అని ప్రకటించవలసి వచ్చింది. ఆ ధర చూసిన రైతు చేత అప్పు చేయించవద్దు.

గ్రూప్-2 మీద నాకు వ్యతిరేకత లేదు, కానీ కాలం లెక్క చూసుకోండి. 2023 డిసెంబరులో వచ్చిన నోటిఫికేషన్‌కు ప్రిలిమ్స్ 2024 ఫిబ్రవరిలో, మెయిన్స్ 2025 ఫిబ్రవరిలో జరిగాయి. దానిని మాత్రమే నమ్ముకుని తిరుపతిలో కోచింగ్ గదుల్లో ఏళ్లు గడిపేవారు ఎంతమందో మీకూ తెలుసు. ఏటా ఒక క్రమంలో జరిగే బ్యాంకు పరీక్షలైతే ఉద్యోగం చేస్తూ రెండు విడతలు రాయవచ్చు. రెండు విడతల్లో కనీసం మెయిన్స్ వరకు కూడా చేరలేకపోతే ఆపేయాలని ముందే ఇంట్లో చెప్పి పెట్టుకోండి. ఎంటెక్ కూడా అంతే: గేట్ స్కోరుతో, నెలకు 12,400 ఉపకార వేతనంతో సీటు వస్తే వెళ్లండి. ఖాళీని కప్పిపుచ్చుకోవడానికి ఫీజు కట్టి చేసే ఎంటెక్‌తో రెండేళ్ల తర్వాత ఇదే ప్రశ్న మళ్లీ అడుగుతారు.

చేరే రోజుకు సంబంధించి చివరి జాగ్రత్త ఒకటి. శిక్షణ ఖర్చు పేరుతో బాండు అడగవచ్చు. ఎంత కాలం, ఎంత మొత్తం, మధ్యలో మానితే పూర్తిగా కట్టాలా లేక మిగిలిన నెలల లెక్కన కట్టాలా అనేది చదివి సంతకం చేయండి. ఏడాది వరకు అయితే నేను సాధారణంగా అభ్యంతరం చెప్పను, అంతకు మించితే మొత్తం చూసుకుని నిర్ణయించుకోవాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించి, అటెస్ట్ చేసిన జిరాక్సులు ఇచ్చి రండి. ఒరిజినల్స్ వారి దగ్గరే ఉంచాలంటే, పైన చెప్పిన జవాబులన్నీ సరిగా ఉన్నా సరే, ఆ ఉద్యోగంలో చేరకండి.